గరోఖ్ బావ

మా బావ తవిటయ్య కుర్చీలో నిండుగా కూర్చోగా నేను చూడలేదు. కూర్చున్నా అంచు మీదే, కాలు ఊపుతూ, ఒక కన్ను గుమ్మం మీద వేసి. అన్నానికి కూర్చుంటే సగంలో లేస్తాడు. మా అక్క మెడలో తాళి కట్టి, పంతులుగారు ఇంకా మంత్రాలు చదువుతుండగానే పీటల మీంచి లేచి, వంటవాళ్ళ దగ్గరికి పోయి పప్పులో ఉప్పు చూసొచ్చిన మనిషి. "మీ బావ కాళ్ళకి బలపం కట్టుకుని పుట్టాడ్రా" అనేవారు మా నాన్న.

అలాంటి మనిషి ఏళ్ళ తరబడి ఒకే చోట నిలబడ్డాడు, విశాఖపట్నం పోర్టు గేటు ముందు. దేనికంటే, గుప్పెడు బొబ్బర్ల కోసం. ఆ గింజలు పోయిన నాటి నుంచీ అతని తల్లి పోతమ్మ మా అక్క గౌరీశ్వరి చేతి పప్పు ముట్టడం మానేసింది. ముట్టనని నోరు తెరిచి అనలేదు. అంటే నేను వెళ్ళి కడిగేసి వచ్చేవాణ్ణి. అనకుండా మానేసింది. అందుకే నాకు ఆ ముసలమ్మ అంటే ఒళ్ళు మంట.

సంగతి మొదటి నుంచీ చెప్పాలి. వాళ్ళ ఊరు ఇప్పుడు లేదు. గాజువాక దాటాక రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా కనబడుతుందే, ఆ కొలుముల కింద ఎక్కడో పోతమ్మ మెట్టచేను ఉండేది. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నప్పుడు ఊరంతా లేచి కాలనీకి వచ్చింది. ఇంటికో స్థలం, భూమి పోయినవాళ్ళకిచ్చే ఆర్ కార్డు ఇంటికొకటి. కార్డు వరస వచ్చినప్పుడు ఉద్యోగం. జనం బళ్ళ మీద మంచాలూ రోళ్ళూ తలుపు చెక్కలూ వేసుకొస్తే, పోతమ్మ మాత్రం ఒక కుండని ఒళ్ళో పెట్టుకుని వచ్చిందట. అందులో బొబ్బర్ల విత్తనం. పొయ్యి బూడిద కలిపి, మూతికి గుడ్డ కట్టి, పేడతో మెత్తిన కుండ. బూడిదలో ఉంటే గింజకి పురుగు పట్టదు. తొలకరికి తీసి విత్తుకోవాలి, కొత్త గింజ వచ్చాక మళ్ళీ బూడిద కలిపి కుండ నింపుకోవాలి. కాలనీలో చేనెక్కడిది? దడి పక్కన, కాలవ గట్టు మీద, ఎవరిదో ఖాళీ స్థలంలో వేసేది. మేకలు మేయగా మిగిలినవి కుండలోకి చేరేవి. బజారు బొబ్బర్లు తెల్లగా బొద్దుగా ఉంటాయి. ఇవి చిన్నవి, ఎర్రవి. "ఊరెల్పోయినా గింజుంది కదా" అనేది ఆవిడ.

బావ కార్డుకి వరస రావడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా ఊరికే కూర్చునే రకమా! ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన సోవియట్ ఇంజనీర్లు పెళ్ళాం పిల్లలతో ఉండే క్వార్టర్ల దగ్గర ఒక వంటగది ఉండేది. అందులో కాంట్రాక్టు మీద చేరాడు. బంగాళాదుంపలు చెక్కుతూ, గిన్నెలు తోముతూ రష్యన్ పట్టేశాడు. నేర్పింది ముఖ్యంగా ఒక్కావిడ, జినాయిదా పెత్రోవ్నా. బావకి జీనమ్మ. ఆవిడ మొగుడు విక్తర్ కొలిమి ఇంజనీరు. వాళ్ళది మరియుపోల్ అట. మన ఊరిలాగే ఉక్కూ ఓడలూ రెండూ ఉన్న ఊరు.

జీనమ్మ ఎండు బఠాణీలతో సూపు కాచేది. వాళ్ళు బఠాణీని గరోఖ్ అంటారు. ఒకసారి రెండు గింజలు నేల మీద పడితే మావాడు ఉత్సాహంగా "రెండు గరోఖులు" అని బహువచనం చేసి ఏదో కూశాడట. ఆవిడ గరిటె పట్టుకుని పడీ పడీ నవ్వింది. గరోఖ్‌ని అలా లెక్కపెట్టరు. అది రాశి. పిడికెడైనా బస్తాడైనా గరోఖే. అందులోంచి ఒక్క గింజని పైకి తీశావా, దానికి వేరే మాట కావాలి, గరోషినా. అంతేకాదు, రాశిగా ఉన్నప్పుడు అది వాళ్ళ వ్యాకరణంలో పుంలింగం, విడి గింజ అయ్యేసరికి స్త్రీలింగం. "కాసింత పెట్టవమ్మా" అని అడిగేటప్పుడు మాత్రం చివర ఒక ఉకారం తగిలించొచ్చట, గరోఖు అని. బావకి అదొక్కటీ తెలుగులాగే వినిపించి ఎక్కడ లేని ప్రాణం లేచొచ్చింది. ఆఫీసు రష్యన్‌లో గరోఖ్ గానీ, జీనమ్మ వాళ్ళమ్మ ఇంటిభాషలో హొరోఖ్. ఎప్పుడో తాతముత్తాతల నాటి సంగతి అనడానికి "గరోఖ్ రాజుగారి కాలం నాటిది" అంటారట ఆ దేశంలో. బఠాణీకి రాజ్యం కూడా ఇచ్చారన్నమాట.

ఆ ఇంజనీర్ల దగ్గర నరసింహమూర్తి గారని ఒక దుబాసీ ఉండేవాడు. మాటల పుట్టుపూర్వోత్తరాలంటే చెవి కోసుకునే మనిషి. ఆయన బావని కూర్చోబెట్టి (కూర్చోబెట్టడానికి ప్రయత్నించి) చెప్పాడట. "ఇది స్లావు జాతులందరి ఉమ్మడి సొత్తయ్యా. రుద్దడం, నలపడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని కొందరు పెద్దల ఊహ. మన ఘర్షణ కూడా దానికి దూరపు చుట్టమే కావచ్చు." బావ ఈ ముక్క ఊరంతా చాటాడు. ఇంటికొచ్చి తల్లికి కూడా చెప్తే ఆవిడ, "నలపకపోతే ఏ గింజొత్తాదిరా! ముందు కాళ్ళు కడుక్కో" అంది.

పోతమ్మ ఆకుకూరలు పట్టుకుని ఆ క్వార్టర్లకి వెళ్ళేది. జీనమ్మ వరండాలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాయలు ఒలిచేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకనాడు బావ మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందిస్తుంటే తెలిసింది, జీనమ్మ అమ్మమ్మగారి ఊరు కూడా లేదని. ఆనకట్ట కడితే నీళ్ళ కిందకి పోయింది. మర్నాడు పోతమ్మ చెంగున కట్టుకుని గుప్పెడు బొబ్బర్లు తెచ్చింది, మరో మూటలో బూడిద. రెండూ కలిపి, చేత్తో తిప్పి, మూత బిగించడం ఎలాగో సైగలతో చూపించింది. జీనమ్మ ఒక జాము సీసాలో పోసుకుని, ఇది ఇండియా గరోఖ్ అని పేరు పెట్టింది.

తొంభై రెండులో వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళడానికి దేశమైతే ఉంది గానీ వచ్చినప్పుడున్న దేశం కాదు. బావే స్టేషన్‌కి పెట్టెలు మోశాడు. అడ్రసు తీసుకోలేదు. "రోజూ ఎదురుగుండా ఉన్న మనిషికి అడ్రసెవడు అడుగుతాడు బావా?" అన్నాడు తర్వాత నాతో. ఆ మాట నిజమే.

మరుసటేడే మా అక్కని ఇచ్చాం. మాది పట్నంలోని మద్దిలపాలెం. నాన్న బస్సు డిపోలో పని. అంటే మా అక్క గింజల్ని చూసింది కిరాణా కొట్టు డబ్బాల్లోనే. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి అందరూ దాన్ని ఆడిపోసుకున్నారు.

బావ ఉద్యోగం పర్మనెంటయితే అమ్మవారికి మన బొబ్బర్ల గుగ్గిళ్ళు పెట్టి కాలనీ అంతా పంచుతానని పోతమ్మ మొక్కుకుంది. తొంభై ఆరులో ఆర్డరొచ్చింది. ఆ వేళకి పోతమ్మ అనకాపల్లిలో కూతురి పురిటికి వెళ్ళి ఉంది. మొక్కు ఆలస్యమైతే అమ్మవారికి కోపం వస్తుందని భయపడి, అత్తగారు లేకపోయినా తన చేత్తో తీర్చేసి మెప్పు పొందాలని, మా అక్క అటక మీది కుండ దింపింది. మన బొబ్బర్లంటే అవే కదా! బూడిద పోయేదాకా కడిగింది. నానబెట్టింది. ఉడకేసి, ఎండుమిరపకాయలూ కరివేపాకూ వేసి తాలింపు పెట్టింది. అమ్మవారికి పెట్టి ఇల్లిల్లూ పంచింది. నేనూ తిన్నాను. రుచిగానే ఉన్నాయి మరి, అబద్ధమెందుకు!

ఆ ఊరి వాళ్ళకైతే చెప్పక్కర్లేదు. విత్తనం కుండలోంచి మొక్కుకి తీసేది ఒక చిటికెడు, మిగతా గుగ్గిళ్ళన్నీ బజారు గింజలే. చిటికెడు కలిస్తే రాశంతా మనదే అవుతుంది. పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతిని ఎవరూ ఎవరికీ చెప్పరు. మా అక్కకీ ఎవరూ చెప్పలేదు. బావేమో ఆ రోజు స్వీట్లు పంచుతూ ఊరు తిరుగుతున్నాడు.

పోతమ్మ తిరిగొచ్చింది. మా అక్క నవ్వుతూ ఎదురెళ్ళి, "అత్తా, మొక్కు తీర్చేశాను" అంది. బోర్లించి ఉన్న కుండ చూసి ముసలమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. "మరీ అంతానా?" అని మాత్రం అంది. ఆ రాత్రి మజ్జిగన్నం తిని పడుకుంది. మర్నాడు పప్పు గిన్నె తీసుకెళ్తే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ మర్నాడూ అంతే. చారు తింటుంది, చేప తింటుంది, కూర తింటుంది. పప్పన్నది మా అక్క చేత్తో వేస్తే తినదు.

తొలకరి పడిందంటే ఇంకా ఘోరం. ముసలమ్మ వానలో దడి దగ్గరికి పోయి విత్తనం వేస్తున్నట్టు ఖాళీ చేతులు ముందుకి చాపి అటూ ఇటూ తిరిగేది. మా అక్క వంటింటి కిటికీలోంచి చూస్తూ కుమిలిపోయేది. "నన్ను రెండు కొట్టినా బాగుణ్ణు తమ్ముడూ" అనేది నాతో. పిచ్చి మొహమా, పుట్టింటికి వచ్చెయ్యి అంటే వినదు.

బావ తిరగని కాలనీ లేదు. ఆ ఊరి జనం ఎక్కడెక్కడ చెదిరి ఉన్నారో అన్ని చోట్లా తలుపు తట్టాడు. కొందరివి పురుగు పట్టిపోయాయి, కొందరు ఎప్పుడో తినేశారు. "ఇంకా గింజలేటిరా బాబూ" అని నవ్వినవాళ్ళూ ఉన్నారు. అప్పుడు గుర్తొచ్చింది జీనమ్మ. అప్పుడు గుర్తొచ్చాను నేను కూడా, ఎందుకంటే నేను పోర్టులో ఓడల సరుకు లెక్క చూసే గుమాస్తాని.

"బావా, మరియుపోల్ ఓడొత్తే నాకు సెప్పు" అన్నాడు ఒక రోజు మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడే.

"సెప్తే ఏటి సేత్తావు?"

"జీనమ్మకి కబురెడతాను."

"అది ఊరు బావా, నీ కాలనీ కాదు. లచ్చల మందుంటారు."

"ఉండనీ. బటానీల సూపు కాసే జీనమ్మని అడిగితే ఎవులో ఒకరు సెప్పరా?"

అప్పటి నుంచి మొదలైంది నా ఖర్మ. ఏ షిఫ్టు ఉన్నా, షిఫ్టు ముందో తర్వాతో పోర్టు గేటు దగ్గర ప్రత్యక్షం. స్కూటరు ఆపి దిగడు, దిగితే నిలవడు. ఊళ్ళోకి వెళ్ళే తెల్ల నావికుడు ఎవడు బయటికొచ్చినా ఎదురెళ్ళి పలకరింపు. మరియుపోల్ వాడివా? కాదా? అయితే మీ భాషలో గరోఖ్‌ని ఏమంటారు? మాట కలపడానికి అతనికి తెలిసిన దారి అదొక్కటే. పోలండు వాడు గ్రోఖ్ అన్నాడు. బల్గేరియా వాడు గ్రాఖ్ అన్నాడు. క్రొయేషియా వాడొకడు గ్రాహ్ అని, మా ఓడలో ఉన్నాయి ఆగు అని సైగ చేసి, వెనక్కి వెళ్ళి కాగితం సంచీ తెచ్చిచ్చాడు. విప్పితే చిక్కుడు గింజలు. ఆ దేశంలో ఆ మాట బఠాణీని వదిలేసి చిక్కుడుని పట్టుకుందట. ఇంటిపేరు ఒకటే, కాపురం వేరు. బావ దాన్ని కూడా తల్లి దగ్గరికి మోసుకెళ్ళి, "సూడమ్మా, ఇంత దూరం నుంచి వొచ్చినాయి" అని చూపించాడు. పోతమ్మ వేళ్ళతో తడిమి, "ఇయి మనయి కాదురా" అని పక్కకి తిరిగి పడుకుంది. మా అక్క ఆ సంచీని ఎక్కడ పెట్టాలో తెలీక చాలాసేపు చేత్తో పట్టుకు నిలబడిందట.

గేటు కానిస్టేబుళ్ళు అతనికి గరోకు బావ అని పేరు పెట్టేశారు. లారీ డ్రైవర్లు, కలాసీలు, టీ కొట్టువాడు, అందరూ అదే పిలుపు. నన్ను చూసి "ఏం అప్పలరాజూ, మీ గరోకు బావ ఇంకా రాలేదే" అని ఇకిలింపులు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి ఉండబట్టలేక గట్టిగానే కేకలేశాను. "మీయమ్మ మంకుతనానికి నువ్వు బిచ్చగాడిలా గేటు కాడ నిలబడాలా? సిగ్గు లేదూ!" అన్నాను. బావ కాలు ఊపడం ఆపాడు. "మాయమ్మ కోసమే అనుకుంటన్నావా?" అన్నాడు. "మీ అక్క రేత్రుల్లు పడుకోటం లేదు బావా. నాను పక్కనే ఉంటాను గదా, నాకు తెల్దా?" ఆ రోజు నుంచి ఏ ఓడ ఎక్కడిదో నేనే ఫోను చేసి చెప్పేవాణ్ణి.

రెండు వేల రెండు ఎండాకాలంలో దొరికాడు ఒకడు, కోల్యా అని. బాన పొట్ట, ఓడలో వంటవాడు, మరియుపోల్‌లోనే ఇల్లు. టీ కొట్టు దగ్గర బావ ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. జినాయిదా పెత్రోవ్నా, మొగుడు విక్తర్, కొలిమి దగ్గర పని, ముందు పన్ను బంగారంది, అమ్మమ్మ ఊరు నీళ్ళలో మునిగింది, ఇండియాలో ఉండొచ్చింది. పోతమ్మ తన గుప్పెడు గింజలు తనకి మళ్ళీ ఇమ్మంటోందని చెప్పు, అంతే. కోల్యా టీ తాగి, గుండె మీద చెయ్యి వేసుకుని, తప్పకుండా అన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకోవడానికి డబ్బులు అక్కర్లేదు. నేను మనసులో నవ్వుకున్నాను.

ఓడ వెళ్ళిపోయింది. వానలు వచ్చాయి, పోయాయి. కోల్యా రాలేదు. పోతమ్మ కళ్ళలో పొర ముదిరింది. మంచం దిగడం తగ్గింది. బావ మాత్రం గేటు దగ్గర తిరుగుతూనే ఉన్నాడు, ఇప్పుడు ఇంకా గాభరాగా, గడియారం చూసుకుంటూ.

మరుసటి ఏడు, జూన్ నెల. గేటు నుంచి నాకు కబురొచ్చింది. ఎవడో కుర్ర నావికుడు, మాకెవరికీ తెలియనివాడు, గేటు దగ్గర నిలబడి ఒకటే మాట అంటున్నాడట, "గరోఖ్, గరోఖ్" అని. కానిస్టేబుళ్ళకి ఇంకేం చెప్పాలి! నా కోసం మనిషిని పరుగెత్తించారు. నేను వెళ్ళాను. ఆ కుర్రాడు చొక్కాలోంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టాడు. "కోల్యా" అన్నాడు, "జీనా" అన్నాడు, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. అన్నాళ్ళు నన్ను తలెత్తుకోనివ్వని ఆ వెటకారం పేరే దారి చూపించింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

బావ ఆ పూట డ్యూటీలో ఉన్నాడు. సీసా ఒళ్ళో పెట్టుకుని గాజువాక బస్సెక్కాను. మూత తీసి చూస్తే లోపల అంతా బూడిద. సముద్రాలు దాటి చెత్త పంపించారా? వేలు పెట్టి కెలికితే గింజలు తగిలాయి. బొబ్బర్లలాగే ఉన్నాయి. అవే అని ఎవడు చెప్తాడు? నాకు ఏ గింజైనా ఒకటే. కాకపోతే? మళ్ళీ ఆ ముసలమ్మ పక్కకి తిరిగి పడుకుంటే మా అక్క ఏమైపోతుంది? పారేద్దామా, చెప్పకుండా ఇంట్లో దాచేద్దామా అని స్టాపు స్టాపుకీ అనుకున్నాను. దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచాను.

ఇంట్లో అక్కా, పోతమ్మా ఉన్నారు. అక్క వరండాలో బియ్యం ఏరుతోంది. సీసా చూసి లేచి నిలబడింది. నేను నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి, "జీనమ్మ పంపిందట" అని ముసలమ్మ చేతిలో పెట్టాను.

పోతమ్మ మూత తీసింది. చూపు లేదు కదా, వేళ్ళు లోపలికి పెట్టింది. చేతిని పైకి తీసి బూడిదని బొటనవేలితో నలిపింది. తర్వాత గింజలు అరచేతిలో పోసుకుని రెండు చేతుల మధ్యా మెల్లగా రుద్దడం మొదలెట్టింది. బూడిద రాలుతోంది, గింజలు గలగలమంటున్నాయి.

"బూడిదిలోనే ఎట్టినాది తల్లి" అంది పోతమ్మ. "నాను సూపించినట్టే ఎట్టినాది. ఎన్నేల్లూ ఏసుకుంటా, తీసుకుంటా ఉంచినాది." కళ్ళు తుడుచుకోవడంతో మొహమంతా బూడిదైంది. ఒక గింజ పంట కింద పెట్టి కొరికింది. "మనయే" అంది.

మా అక్క గోడకి ఆనుకుని కదలకుండా నిలబడి ఉంది. పోతమ్మ అటు తిరగలేదు, ఎక్కడుందో కనబడదు కదా. చెయ్యి మాత్రం గాల్లోకి చాపింది.

"ఒలే గౌరీశ్వరీ, ఎక్కడున్నావే? కొత్త కుండొకటి తెప్పించు. రేపు వానొత్తే నువ్వే ఎయ్యాల, నాను కూకుని సెప్తాను." అని ఆగింది. "ఆకలేత్తంది. పప్పేటి సేసినావు ఈయాల?"

మా అక్క పరుగెత్తుకెళ్ళి కంచం తెచ్చింది. అన్నం మీద పప్పు వేసింది. ముసలమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని నమిలింది. మేమిద్దరం ఆ నోటి వంకే చూస్తున్నాం.

"ఉప్పు సాల్లేదే" అంది పోతమ్మ. "అయినా మరి కాసింత ఎయ్యి."